ఎద్దుమూపు గుట్ట గొంతు

చీకటి పడ్డాక ఎద్దుమూపు గుట్ట మీదుగా పోవద్దని మా వైపు ఒక మాట ఉంది. నేల మీద నడిచేవాళ్లకు కాదు... ఆకాశంలో పోయేవాళ్లకు.

నవ్వొస్తే నవ్వండి. నేనూ మొదట నవ్వాను. నా పేరు గ్రేస్. హాలియాలో ఒక దవాఖానలో నర్సుని. ఆదివారం చర్చికి పోతాను, దెయ్యాలను నమ్మను. ఆ మాటకొస్తే మనుషులను కూడా అంత తొందరగా నమ్మను. ఇందులో ఎక్కువ భాగం మా అక్క కూతురు నవనీత చెబితే విన్నాను. కొంత ఇంకొకతను చెప్పాడు. ఆఖరిది మాత్రం నా కళ్లతో చూశాను, చూడకపోతే బాగుండేది అనిపిస్తుంది.

ముందు ఆ జాగా గురించి చెప్పాలి.

హాలియా దాటి, కాలువ కింది పొలాలు అయిపోయి, తుమ్మలూ బండలూ మొదలయ్యే చోట ఒక చిన్న రన్‌వే ఉంది. విమానం నడపడం నేర్పే బడి వాళ్లది. విమానాలు దిగే దారిలో, రన్‌వేకు కాస్త ఇవతల, ఎద్దుమూపు గుట్ట ఉండేది. దూరం నుంచి చూస్తే పడుకున్న ఎద్దు మూపురంలా కనిపించేదని ఆ పేరు.

ఉండేది అంటున్నాను... ఎందుకంటే ఇప్పుడు లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో క్వారీ వాళ్లు దిగారు. తొలిచారు, పేల్చారు, కోసుకుపోయారు. మా అమ్మ జానమ్మ అక్కడే కంకర కొట్టింది. రోజూ సాయంత్రం దుమ్ము కొట్టుకుపోయిన కళ్లతో ఇంటికొచ్చి, "గా గుట్ట మనల్ని మంచిగ చూస్తలేదు బిడ్డా," అనేది. నేను పట్టించుకునేదాన్ని కాదు. కొన్నేళ్లకు గుట్ట మొత్తం లారీలెక్కి వెళ్లిపోయింది. దాని జాగాలో ఒక గొయ్యి మిగిలింది. గొయ్యి నిండా నల్లటి నీళ్లు.

గుట్ట పోయింది గాని... దాని గొంతు పోలేదు.

విమానం ఆ గొయ్యి దగ్గరికి వచ్చిందా — విమానంలో ఒక ఆడగొంతు అరుస్తుంది. "టెర్రెయిన్... టెర్రెయిన్... పుల్ అప్..." ఎదురుగా నేల ఉంది, పైకి లేపు అని. పిల్లలు అద్దంలోంచి చూస్తే ఎదురుగా ఏమీ ఉండదు. ఉత్త గాలి. గొయ్యి దాటగానే ఆ గొంతు ఆగిపోతుంది.

దీనికి కారణం బడిలో అందరికీ తెలుసు. విమానంలో ఒక పెట్టె ఉంటుంది. దేశంలోని గుట్టలు, కొండలు, వాటి ఎత్తులు అన్నీ దాని జ్ఞాపకంలో ఉంటాయి. విమానం ఎక్కడుందో చూసుకుని, దారిలో గుట్ట ఉంటే హెచ్చరిస్తుంది. ఎద్దుమూపు గుట్ట చచ్చిపోయిన సంగతి ఆ పెట్టెకు ఎవరూ చెప్పలేదు. అందులో అది ఇంకా బతికే ఉంది.

కారణం తెలిస్తే భయం పోవాలి కదా. పోలేదు. లేని గుట్ట పిలుస్తుంటే, అందులోనూ రాత్రిపూట, ఎవరికైనా వెన్ను జలదరిస్తుంది. గుట్ట పగబట్టిందని ఊళ్లో అన్నారు. బడి పిల్లలు కూడా చాటుమాటుగా అదే అనుకున్నారు.

ఆ భయం పోగొట్టడానికి బడిలో ఒక పద్ధతి పెట్టారు. పెట్టింది కెప్టెన్ దశరథం. జడ్చర్ల మనిషి, అక్కడ పిల్లలకు నేర్పే పెద్దసారు. విమానం రన్‌వే వైపు తిరగగానే, ఆ గొంతు రాకముందే, ఒక బటన్ నొక్కాలి. నొక్కితే పెట్టె ఇక నోరెత్తదు. "దెయ్యం నోరు కుట్టు," అనేవాడు పక్కన కూర్చుని. పిల్లలు కుట్టేవాళ్లు. కుట్టకుండా, గొంతుకు జడిసి విమానం పైకి లేపినవాళ్లకు మర్నాడు మెడలో నిమ్మకాయల దండ వేసి క్యాంటీన్‌లో కూర్చోబెట్టేవాడు. అందరూ వచ్చి దండం పెట్టి పోవాలి.

అదేం చదువో నాకు అర్థం కాదు. పిల్లల్ని నలుగురిలో నవ్వులపాలు చేస్తే ధైర్యం వస్తుందని ఎవరు చెప్పారో ఆయనకు.

మా నవనీత మెడలో ఒకసారి ఆ దండ పడింది.

మా ఇంట్లో అమ్మ రాళ్లు కొట్టింది, అక్క నాట్లేసింది, నేను నర్సునయ్యాను. నవనీత ఏకంగా విమానం ఎక్కి కూర్చుంది. ఎలా కూర్చుందో, ఎన్ని గడపలు తొక్కిందో మళ్లీ ఎప్పుడైనా చెబుతాను. లైసెన్సు రావాలంటే రాత్రిపూట ఒంటరిగా దిగి చూపించాలి. వానలు వెనకబట్టాక, రన్‌వేకు కొత్తగా పెట్టిన లైట్లతో రాత్రి పాఠాలు మొదలయ్యాయి. సంతకం పెట్టాల్సింది దశరథమే. దండ వేసిన రోజే ఆయన మా పిల్లతో అన్నాడు —

"ఇంకోపాలి గా గొంతుకు బెదిరి పైకి లేపినవనుకో... బ్యాగు సర్దుకొని ఇంటికి పో. నాకు పైలట్లు గావాలె, గుట్టకు మొక్కేటోళ్లు గాదు."

ఆ రాత్రి చందమామ లేదు. గాలి కూడా లేదు. నవనీత ఒక్కతే విమానంలో ఉంది. కెప్టెన్ రన్‌వే పక్కన రేడియో పట్టుకుని కుర్చీలో ఉన్నాడు.

ఒక చుట్టు తిరిగి, రన్‌వేకు ఎదురుగా వచ్చింది. దూరంగా రెండు వరసల లైట్లు. వాటికీ తనకూ మధ్య అంతా చీకటి. ఇల్లు లేదు, వీధిదీపం లేదు. ఆ గొయ్యీ తుమ్మలూ అందులోనే ఎక్కడో ఉన్నాయి.

బటన్ మీద వేలు పెట్టింది.

"నొక్కలే చిన్నమ్మా," అంది తర్వాత నాతో.

"ఎందుకు నొక్కలేదే?"

"పక్క సీటు ఖాళీగున్నది. అంత చీకట్ల ఒక్కదాన్ని... ఏదో ఒక ఆడగొంతు ఉంటే మంచిదే అనిపించింది."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆమెకు మాత్రం నవ్వొచ్చింది.

చుట్టూ చీకటి ఉండి ఒక్క రన్‌వే లైట్లే కనిపిస్తుంటే కన్ను మోసం చేస్తుందట. చాలా ఎత్తులో ఉన్నావు, ఇంకా దిగు, ఇంకా దిగు అంటుందట. ఇది వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. నవనీత చదువుకుంది, పరీక్షలో రాసింది కూడా. కాని ఆ చీకట్లో చేతులు కన్ను చెప్పినట్టే చేశాయి. విమానం దిగుతోంది...

"టెర్రెయిన్..."

ఉలిక్కిపడింది. రోజూ వచ్చే చోటు కంటే ముందే వచ్చింది.

"టెర్రెయిన్... పుల్ అప్..."

గుట్ట లేదు, గుట్ట లేదు అని తనకు తానే చెప్పుకుంది. పగలు ఎన్నిసార్లు చూడలేదు? అక్కడ నీళ్లు తప్ప ఏముంది?

రేడియోలో కెప్టెన్ గొంతు వచ్చింది. దిగొస్తున్నానని నవనీత చెప్పినప్పుడు వెనకాల అరుపు ఆయన చెవిన కూడా పడింది.

"ఏం నవనీతా... దెయ్యం పలకరించిందా? నోరు కుట్టమని చెప్పిన గద. ఊకో. దిగు."

"దిగుతున్న సార్."

"పుల్ అప్... పుల్ అప్..."

ఇంటికి పోవడమా, దిగడమా. లైట్ల మీదే చూపు పెట్టింది.

అప్పుడు — రన్‌వే మొదట్లో ఉన్న లైటు పోయింది.

రెప్ప వేసి చూసింది. దాని వెనకది కూడా పోయింది. ఎడమ వరసలో ఒకటి... కుడి వరసలో ఒకటి... దగ్గరివి మొదలు దూరం వరకు, ఒక్కొక్కటిగా, ఎవరో కిందినుంచి మింగుతున్నట్టు.

"సార్... లైట్లు ఆరిపోతున్నయి."

"ఏ లైట్లు?"

"రన్‌వేవి సార్... సగం లెవ్వు."

రేడియోలో ఆయన మెల్లగా అన్నాడు, "నేను రన్‌వే పక్కనే కూసున్న. అన్ని ఎలుగుతున్నయి."



ఇంకో లైటు పోయింది. విమానం ముందు దీపం వెలుగు చీకట్లోకి పోతోంది... ఆ చీకట్లో, నేల ఉండడానికి వీల్లేని ఎత్తులో, చిన్న తెల్లటి వెలుతురు కనిపించింది. తన కంటి ఎదుట కాదు. తన కంటే కొంచెం పైన.

ఆ వెలుతురు పక్కన ఒక ముఖం ఉంది.

మగమనిషి ముఖం. నోరు తెరుచుకుని ఉంది. కళ్లు సూటిగా ఆమెనే చూస్తున్నాయి.

లైసెన్సు గుర్తు రాలేదు, దండ గుర్తు రాలేదు. ఇంజను బలమంతా పెట్టి ముక్కు పైకెత్తింది. విమానం వణికింది. ఆ ముఖం కిందికి జారి మాయమైంది. కడుపు కింద ఏదో పెద్దది, నల్లనిది దాటిపోయినట్టు తోచింది. ఆ వెంటనే లైట్లన్నీ ఒక్కసారి మళ్లీ వెలిగాయి, ఏమీ జరగనట్టే.

పెట్టె నోరు మూసుకుంది.

ముఖం సంగతి రేడియోలో చెప్పి, మళ్లీ చుట్టు తిరిగి, బాగా ఎత్తునుంచి వచ్చి, ఎలాగో దిగింది. విమానం ఆపి కిందికి దిగింది. రెక్క పట్టుకుని నిలబడింది.

కెప్టెన్ వచ్చి ముఖంలో ముఖం పెట్టి చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది అంది నవనీత.

"లైట్లు ఆరినయా?"

"ఆరినయి సార్."

"ముఖం కూడ కనవడ్డదా?"

"కనవడ్డది సార్."

"పొద్దుగాల బ్యాగు సర్దుకో."

అక్కడే నిలబడ్డ మహేష్ అనే పిల్లాడు, నవనీతతో పాటు నేర్చుకునేవాడే, ఆమె చెవిలో అడిగాడట, "మనం ఎరిగిన ముఖమేనా?" ఆ రాత్రి ఆమె తర్వాత ఎగరాల్సినవాళ్లు ఇద్దరు కడుపునొప్పి అని గదుల్లోకి పోయి తలుపులు వేసుకున్నారు. గుట్ట ఇన్నాళ్లూ అరిచి ఊరుకుంది, ఇప్పుడు లైట్లు తింటోందని బడంతా గుసగుసలు.

తెల్లారేసరికి నవనీత నా గది ముందు బ్యాగుతో ఉంది. అంతా విన్నాను. దెయ్యాలు లేవని చెప్పడం తేలిక, ఆమె బ్యాగుతో ఎదురుగా నిలబడి ఉంటే చెప్పడం కష్టం. టీ తాగించి, నాతో పాటు డ్యూటీకి తీసుకుపోయాను. ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

ఆ పొద్దున కట్లు కట్టే గదిలోకి వచ్చిన మొదటి మనిషిని చూసి నవనీత గోడకు అతుక్కుపోయింది.

నా కొంగు పట్టుకుని లాగింది. "చిన్నమ్మా..." అంది. "గదే ముఖం."

అతనికి నలభై ఏళ్లుంటాయి. మోచేతులు, మోకాళ్లు చెక్కుకుపోయాయి, నెత్తిన గాయం. ఊపిరి పీలుస్తున్నాడు, నొప్పికి మూలుగుతున్నాడు. దెయ్యాలకు టింక్చరు మంట పుట్టదు, అది నాకు గ్యారంటీగా తెలుసు.

"ఎట్ల తగిలింది?"

"రాళ్ల మీదికెళ్లి దొర్లిన సిస్టరమ్మా. నా పేరు వెంకన్న. ఎద్దుమూపు క్వారీల కావలి ఉంట." గొంతు తగ్గించాడు. "రాత్రి గుట్ట దెయ్యం నా మీదికి వచ్చింది. తెల్లటి ఒంటి కన్ను... గర్‌ర్‌మని మొత్తుకుంట వచ్చింది."

నవనీత నెమ్మదిగా గోడ వదిలింది. "నువ్వేడ ఉన్నవ్ అప్పుడు?"

"క్వారీ గుంతకాడ ఫోన్ల సిగ్నల్ రాదు బిడ్డా. ఇంటిదానితోని మాట్లాడాలంటే పారేసిన రాళ్ల కుప్ప మీదికి ఎక్కుత. గాడైతే మంచిగ ఇనవడతది."

పారేసిన రాళ్ల కుప్ప. నవనీత కళ్లు మూసుకుంది. నాకు అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

గుట్ట మొత్తం లారీలెక్కి పోయిందన్నాను కదా, తప్పు. మంచి రాయి పోయింది. పగుళ్లు పడ్డది, పనికిరానిది, అమ్ముడుపోనిది, అంతా గొయ్యి పక్కన, రన్‌వే వైపు పోశారు. ఏళ్ల తరబడి పోశారు. పగలు పైనుంచి చూసేవాళ్లకు అది చెత్తకుప్ప. ఎత్తు ఎంతో ఎవరూ కొలవలేదు, దాని మీద ఒక ఎర్రదీపం పెట్టలేదు. ఆ పెట్టెకు కూడా ఈ కుప్ప సంగతి తెలియదు. అది పాత గుట్టను చూసి అరుస్తోంది, కొత్త గుట్ట దాని వెనకే నిలబడి ఉంది. నవనీత చూసిన లైట్లు ఆరలేదు. వాటికీ ఆమెకూ మధ్య కుప్ప అడ్డం వచ్చింది. ఆ తెల్లటి వెలుతురు వెంకన్న చేతిలో ఫోనుది.

ఇదంతా నా ఊహే. ఊహ కాదని చెప్పే ముక్క ఒకటి కావాలి. అందుకే అడిగాను.

"వెంకన్నా, ఆ కన్ను... పైనుంచి వచ్చిందా నీ మీదికి?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"లేదమ్మా... కిందికెళ్లి వచ్చింది. నేను వంగి చూస్తున్న దాన్ని."

దూది నా చేతిలోంచి జారిపోయింది. ఇన్నేళ్ల నర్సు పనిలో ఎన్ని చూశానో, ఏదీ నన్నలా పట్టుకోలేదు. నేల మీద నిలబడ్డ మనిషి, తలవంచి, మా పిల్ల విమానాన్ని చూశాడు.

ఆ పూటే సెలవు పెట్టాను. వెంకన్నకు కట్టు కట్టి, ఆటోలో ఎక్కించుకుని, నవనీతను వెంటబెట్టుకుని బడికి పోయాను. గేటు దగ్గర ఆపబోయారు. ఆపలేకపోయారు. దశరథం తన గదిలో టిఫిన్ తింటున్నాడు. నోటికొచ్చింది అన్నాను. అన్నీ ఇక్కడ రాయలేను.

ఆయన అంతా విని, చెయ్యి కడుక్కుని, "పగలు ఎన్నిమార్లు దాని మీదికెళ్లి పోయిన్నో మీకెరుకనా?" అన్నాడు.

"రాత్రి ఎన్నిసార్లు పోయిండ్రు సార్?" అంది నవనీత.

ఆమె ఆయన్ని ఎదురు అడగడం అదే మొదటిసారట. ఆయన ముఖం ఎర్రబడింది. "పాండి. పోయి సూద్దాం. మీ భయం గిట్లనన్న తీరుతది," అన్నాడు. కుప్ప ఏపాటిదో చూపించి మమ్మల్ని నలుగురిలో నిలబెట్టాలని ఆయన ఆలోచన. కళ్లలో కనిపిస్తూనే ఉంది.

బడి జీపులో కుప్ప కిందికి పోయి, దిగి తల ఎత్తి చూశాం. ఎక్కడం మొదలుపెట్టాం. వెంకన్న కుంటుతూ ముందు నడిచాడు. కాళ్ల కింద రాళ్లు జారుతున్నాయి. సగంలోనే నాకు ఆయాసం వచ్చింది. కెప్టెన్ ఒక్కసారి కూడా ఆగలేదు. ఎక్కుతున్నకొద్దీ ఆయన ముఖంలో రంగు తగ్గడం నేను చూశాను, సంతోషించాను కూడా. దాచుకోవడం ఎందుకు.

పైకి చేరాం. ఒక పక్క గొయ్యి, నల్లటి నీళ్లు. ఇంకో పక్క రన్‌వే, చేత్తో గీసినట్టు సన్నగా. కెప్టెన్ రన్‌వే వైపు చూసి, ఆకాశం వైపు చూసి, మళ్లీ రన్‌వే వైపు చూశాడు. ఆయన మనసులో ఏదో లెక్క సాగుతోంది.

"నువ్వు నిలబడ్డది ఏడ?" అన్నాడు.

"గీ బండ పొంటి సారూ," అని చూపించాడు వెంకన్న.

కుప్ప అంచున ఒక పెద్ద పగుళ్ల బండ ఉంది. దాని నెత్తిన నల్లటి గీత. బెత్తెడు వెడల్పు, మూరెడు పొడవు. కెప్టెన్ వంగి వేలితో రుద్దాడు. రాయి నలుపు కాదది. రబ్బరు.

ఆయన తల తిప్పి నవనీతను చూశాడు. "నీ చక్రం తాకిందా?"

"లేదు సార్. రాత్రే దిగినంక చక్రాలు, కడుపు కింద అంత చూసుకొనే వచ్చిన. గీత కూడ లేదు." ఆమె బండ దగ్గర కూర్చుని చూసింది. "గిది రాత్రిది గాదు సార్. గీత మీద వాన మరకలున్నయి, దుమ్ము గట్టింది. పాతది."

కింద ఎక్కడో ఒక రాయి జారి నీళ్లలో పడింది.

"గా గీతనా సారూ?" అన్నాడు వెంకన్న, అదేదో చిన్న సంగతైనట్టు. "అప్పుడు గూడ ఒకపాలి వచ్చింది. నేను కింద గుడిసెల పండుకున్న. గరగరమని సప్పుడైంది, రాళ్లు దొర్లి నా రేకుల మీద పడ్డయి. దెయ్యమే అనుకొని దుప్పటి కప్పుకున్న."

"ఎప్పుడు?" కెప్టెన్ వెంకన్న వైపు తిరిగాడు. మళ్లీ అడిగాడు. "ఎప్పుడు?"

"మీ లైట్లు మొట్టమొదలు ఎలిగిచ్చిన రాత్రి సారూ. ఆఖరి వాన గూడ గా తెల్లారే పడ్డది. ఆ రాత్రి ఒక్కటే విమానం తిరిగింది."

నవనీత నా వైపు చూడలేదు, ఆయన వైపూ చూడలేదు. తనలో తాను అన్నట్టు చాలా మెల్లగా అంది.

"లైట్లు మంచిగున్నయా లేవా సూసెటందుకు... ఆ రాత్రి సారొక్కరే పోయిండ్రు."

దశరథం బండ మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయాడు. ఆ గీత ఆయన చేతి కిందే ఉంది. మాట మాకు కాదు, ఆ గొయ్యి వైపు చూస్తూ చెప్పాడు.

"గా రాత్రి చక్రం అదిరితే గాలి అనుకున్న. అరుస్తుండె... మొత్తుకుంటుండె. నేనే దాని నోరు మూసిన."